గాలికి అడ్డం ఉంటానన్నవాడు

నాకు ముక్కు మీద కోపం అని మా డిగ్రీ కాలేజీలో అటెండర్ దగ్గరి నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరూ అంటారు. అననివ్వండి. సిద్దిపేటలో ఇన్నేళ్ళుగా ఆటల మేడంగా ఉన్నదాన్ని, నోరు పెద్దది కాకపోతే పొద్దున్నే గ్రౌండుకు ఒక్కడూ రాడు. ఎవరి మీద కోపం వచ్చినా అక్కడికక్కడే కడిగేసి, మధ్యాహ్నానికి వాళ్ళతోనే కూచుని చాయ్ తాగే మనిషిని. ఒక్క పిల్లవాడి విషయంలోనే అది కుదరలేదు. వాడు నన్ను నమ్మించి గొంతు కోశాడు. ఈ మాట ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ ఏడు యూనివర్సిటీ వాళ్ళు మొదటిసారి ట్రయథ్లాన్ పోటీ పెట్టారు. ముందు ఈత, నీళ్ళలోంచి లేవగానే సైకిల్, సైకిల్ దిగగానే పరుగు. మధ్యలో కూచునే తీరిక లేదు. కాలేజీకి ముగ్గురి జట్టు, అందులో ఒక్కరైనా అమ్మాయి ఉండాలి. ముగ్గురిలో ఆఖరి మనిషి గీత దాటినప్పుడే గడియారం ఆపుతారు. ఎంత మొనగాడైనా తానొక్కడే ముందు ఉరికితే జట్టుకు లాభం లేదు, వెనకవాళ్ళను వెంటబెట్టుకుని రావాలి. గెలిచిన జట్టు మొత్తం యూనివర్సిటీ తరఫున పై పోటీలకు పోతుంది.

"గిదేం ఆటనమ్మా? ఈదుడు, తొక్కుడు, ఉరుకుడు అన్నీ ఒక్కపారే అంటె పోరగాళ్లు బతుకుతరా?" అన్నారు ప్రిన్సిపాల్.

"బతుకుతరు సార్. నాకు ఇడిసిపెట్టుండ్రి," అన్నాను.

దొరికిన ముగ్గురూ మూడు తీర్లు. మొదటివాడు కోహెడ పిల్లవాడు. వాళ్ళ బాపు తాటిచెట్లు గీసి కల్లు తీస్తాడు. వీడూ చిన్నప్పటి నుంచి మోకు కట్టుకుని చెట్లెక్కినవాడే. ఛాతీ, తొడలు చూస్తేనే తెలిసిపోతుంది ఎంత దమ్ముందో. ఈత పొలాల దగ్గరి బావుల్లో నేర్చుకున్నాడు. మొదటిరోజు స్విమ్మింగ్ పూల్‌కు తీసుకుపోతే, గట్టు మీంచి మోకాళ్ళు ముడుచుకుని దభీమని దూకి, పక్కన ఈదుతున్న పెద్దమనిషి మొహం నిండా నీళ్ళు కొట్టాడు. ఆ తరువాత తల పైకెత్తుకుని గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు.

"ఏందిరా, గానుగెద్దు లెక్క గట్ల తిరుగుతున్నవ్? సక్కగ పో," అని అరిచాను.

"బాయిల గిట్లనే ఈదుతం మేడం. సక్కగ పోతె గోడకు తల తగుల్తది," అన్నాడు. పూల్‌లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్లవాడి మీద నాకు ఇష్టం కలిగింది ఆ నవ్వులోనే.

రెండోవాడిది బెజ్జంకి. ఏ పనిలోనూ ముందుండడు, ఏ పనిలోనూ మరీ వెనకబడడు. సైకిల్ ఎక్కితే మాత్రం రోజంతా తొక్కమన్నా తొక్కుతాడు. నోరు ఆగదు. పరుగెత్తుతూ కూడా ముచ్చట్లు చెప్పేవాడు.

మూడో మనిషి దుబ్బాక అమ్మాయి. వాళ్ళ బాపు మగ్గం మీద తువ్వాలలు నేస్తాడు. పరుగు బాగుంది, పట్టుదల అంతకంటే బాగుంది. కానీ నీళ్ళంటే వణుకు. ఎదురుగాలి వీస్తే సైకిల్ మీద ముందుకు కదలలేదు. అసలైనది ఏమిటంటే, ముగ్గురిలో ఈ పోటీ నిజంగా కావలసింది ఆమెకే. "మేడం, నేను గూడ మీ లెక్క ఆటల మేడంను గావాలె," అని మొదటిరోజే చెప్పింది. యూనివర్సిటీ జట్టులో ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ విద్య కోర్సులో స్పోర్ట్స్ కోటా కింద సీటు వస్తుంది. ఆమెది ఆఖరి సంవత్సరం. మేనమామ హైదరాబాదులో ఒక చీరల దుకాణంలో పని చూసిపెట్టి ఉంచాడు. యూనివర్సిటీ జట్టులోకి వస్తే చదివిస్తాను, రాకపోతే పరీక్షలవగానే దుకాణానికి పోవాలని వాళ్ళ బాపు తేల్చి చెప్పాడు. ఈ సంగతి నాకు తెలుసు, ఆ ఇద్దరు పిల్లలకూ తెలుసు.

ముగ్గురినీ ఒకేసారి వదిలితే ఒకడు కనుచూపు మేర దాటిపోయేవాడు, ఒకమ్మాయి ఏడుపుమొహం పెట్టేది. అందుకని నేను ఒక పద్ధతి పెట్టాను. పరుగుకు ముందు అమ్మాయిని పంపేదాన్ని. కాసేపాగి బెజ్జంకి పిల్లవాణ్ణి. కోహెడ వాణ్ణి అన్నిటికంటే చివర. నా అంచనా సరిగ్గా ఉంటే ముగ్గురూ కోమటిచెరువు కట్ట చివర ఒక్కసారే చేరాలి. మొదట్లో నా అంచనా తప్పేది, వాళ్ళ మీద అరిచేదాన్ని. రానురాను ముగ్గురూ ఒకళ్ళ భుజం ఒకళ్ళకు రాసుకుంటూ వచ్చేవారు. ఆ పొద్దుటి పూటలంత సంతోషం నాకు ఉద్యోగంలో ఇంకెప్పుడూ దొరకలేదు.

ఆ అమ్మాయికి ఈత నేర్పింది కూడా కోహెడ పిల్లవాడే. నేను చెప్పిన కాళ్ళాడించడాలూ చేతులాడించడాలూ ఏవీ పనిచేయలేదు. నీళ్ళు ఛాతీ దాటితే చాలు, గట్టు పట్టుకుని బిగుసుకుపోయేది. ఒకరోజు వాడు ఇంటి నుంచి మూత గట్టిగా ఉన్న ఖాళీ నూనె డబ్బా తెచ్చి ఆమె వీపుకు తాడుతో కట్టాడు. వాళ్ళ ఊళ్ళో బావుల దగ్గర పిల్లలకు అట్లాగే నేర్పుతారట. డబ్బా తేలుస్తుందన్న ధైర్యంతో ఆమె గట్టు వదిలింది. రోజూ వాడు ఆమెకు తెలియకుండా ఆ డబ్బాలో కొంచెం కొంచెం నీళ్ళు పోస్తూ వచ్చాడు. చివరికి డబ్బా నిండా నీళ్ళే. ఆమె మాత్రం ఈదుతూనే ఉంది. సంగతి తెలిశాక ఆమె వాణ్ణి పూల్ చుట్టూ తరిమి కొట్టింది. "అన్నా" అని పిలవడం అప్పటి నుంచే మొదలుపెట్టింది.

ఇక సైకిల్. ఎదురుగాలిలో ముందు తొక్కేవాడే గాలినంతా మొహాన తీసుకుంటాడు. వాడి వెనక చక్రానికి ఆనుకున్నట్టు తొక్కేవాళ్ళకు బరువు సగం తగ్గినట్టుంటుంది. కాబట్టి ముందు కోహెడ పిల్లవాడు, మధ్యలో అమ్మాయి, వెనక బెజ్జంకి పిల్లవాడు. ముందువాడు వేగంగా పోతూ మెడ తిప్పి చూడలేడు. తిప్పితే ముగ్గురూ కలిసి రోడ్డు మీద పడతారు. అందుకని బామ్మలు కథ చెప్పేటప్పుడు పిల్లలతో ఊ కొట్టించినట్టు, ఊ కొట్టడం పెట్టాం. వాడు "ఉన్నవా?" అని అడగాలి, ఆమె "ఊ" అనాలి. ఊ వినబడకపోతే వాడు నెమ్మదించాలి. బైపాస్ రోడ్డు మీద లారీల చప్పుడు మధ్య ఈ ఉన్నవా, ఊ వింటూ నేను స్కూటీ మీద వెనకాల పోయేదాన్ని. పత్తి మూటలతో పోతున్న ట్రాలీ మీది ఆడవాళ్ళు మమ్మల్ని చూసి, వీళ్ళకేమైనా దయ్యం పట్టిందా అన్నట్టు నవ్వుకునేవారు.

పోటీకి కొద్దిరోజుల ముందు యూనివర్సిటీ నుంచి ఇంకో మాట వచ్చింది. జట్టు సంగతి ఎట్లా ఉన్నా, అందరికంటే ముందు గీత దాటిన ఒక్కరిని విడిగా పై పోటీలకు తీసుకుంటారట. నాకు ఒళ్ళు మండింది. కలిసి రమ్మని వాళ్ళే చెప్పి, విడిపోవడానికి వాళ్ళే దారి చూపించారు. ఫోన్ చేసి అడిగితే, అంతా పైనుంచి వచ్చిందే మేడం అన్నారు.

ముగ్గురినీ కూచోబెట్టి ఆ మాట దాచకుండా చెప్పాను. జట్టు గెలిస్తే ముగ్గురూ పోతారు, ఇంకో దాని వైపు చూడొద్దన్నాను. అందరూ తలూపారు. అయినా నాకు మనసు ఆగలేదు. పోటీ ముందురోజు సాయంత్రం అమ్మాయీ బెజ్జంకి పిల్లవాడూ బస్సుల్లో ఇళ్ళకు పోయారు. కోహెడ పిల్లవాడు సిద్దిపేటలోనే గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. వాణ్ణి భోజనానికి మా ఇంటికి పిలిచాను. అన్నం, పప్పుచారు, కోడిగుడ్ల కూర చేశాను. వాడు కడుపునిండా తిన్నాడు.

"అరే, ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్కన్నే పోవాలని నీ మనసుల ఏమన్న ఉన్నదా?" అని అడిగాను.

"గదేం మాట మేడం. ఆమెను ఇడిసిపెట్టి నేనెట్ల పోత? ముగ్గురం పోతం," అన్నాడు.

"చేతిల చెయ్యేసి చెప్పు."

వేశాడు. ఎడమ చేయి, ఎందుకంటే కుడిచేతికి అన్నం మెతుకులున్నాయి. ఇంకో గుడ్డు వడ్డించాను. పోయేటప్పుడు వాకిట్లో చెప్పులేసుకుంటూ "ఫికర్ చెయ్యకుండ్రి మేడం" అని కూడా అన్నాడు. నేను హాయిగా పడుకున్నాను.

మర్నాడు పొద్దున ఈత బాగా అయింది. అమ్మాయి నేను అనుకున్నదానికంటే ముందే నీళ్ళలోంచి లేచింది. మగపిల్లలిద్దరూ గట్టు మీద ఆమె కోసం ఆగారు. ముగ్గురూ కలిసి సైకిళ్ళెక్కారు. నేను బైపాస్ రోడ్డు మలుపు దగ్గర నిలబడ్డాను. మొదటి చుట్టులో మావాళ్ళే ముందున్నారు. "ఉన్నవా?" అన్న కేక, వెంటనే "ఊ" అన్న జవాబు వినబడ్డాయి. నా పక్కనున్న వేరే కాలేజీ సార్ "మీ పిల్లలు తాడు కట్టినట్టు వస్తున్నారే" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

రెండో చుట్టులో వాడు ఒక్కడే వచ్చాడు. వెనక ఎవరో పడిపోయారనుకున్నాను. "వాళ్లేరిరా?" అని అరిచాను. వాడు నా వైపు చూడలేదు. సైకిల్ మీదికి ఇంకా వంగి, కాళ్ళు ఇంకా గట్టిగా తొక్కుతూ మలుపు తిరిగిపోయాడు. చాలాసేపటికి మిగతా ఇద్దరూ కనబడ్డారు. బెజ్జంకి పిల్లవాడు ముందు తొక్కుతున్నాడు కానీ వాడికి గాలిని చీల్చే బలం లేదు. వాడి వెనక అమ్మాయి, తల సైకిల్ హ్యాండిల్ మీదికి వాలిపోయి, ఎవరూ అడగకుండానే "ఊ, ఊ" అంటూ వస్తోంది. నన్ను దాటిపోయాక కూడా ఆ ఊ వినబడుతూనే ఉంది. రోడ్డు మీద అందరి ముందూ నాకు ఏడుపొచ్చింది.

వాడు అందరికంటే ముందు గీత దాటాడు. వేరే కాలేజీ జట్టు ఆఖరి మనిషి వచ్చిన కాసేపటికి మా అమ్మాయి వచ్చింది. పరుగులో చచ్చేంత కష్టపడి చాలామందిని దాటింది. అయినా చాలలేదు. మా జట్టుకు రెండో స్థానం. రెండో స్థానానికి చప్పట్లు తప్ప ఏమీ లేదు.

"ఎన్నోది మేడం?" అంది, నేల మీద కూచుని.

"రెండు," అన్నాను. ఆమె వంగి బూట్ల లేసులు విప్పుకుంది.

నేను పోయి వాడి కాలర్ పట్టుకున్నాను. అక్కడ యూనివర్సిటీ వాళ్ళున్నారు, పేపరువాళ్ళున్నారు, నాకెవరూ కనబడలేదు. "ఎందుకురా? రాత్రి నా చేతిల చెయ్యేసి ఎందుకు చెప్పినవ్రా?" అన్నాను.

వాడు తల దించుకుని "కాళ్లు మస్తు మంచిగున్నయ్ మేడం. ఆగబుద్ధి కాలె," అన్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే లోపల ఒక మూల వాణ్ణి అర్థం చేసుకోవడానికి చూశాను. వయసులో ఉన్న పిల్లవాడు, ముందు ఖాళీ రోడ్డు, కాళ్ళలో బలం. ఆ క్షణాన బుద్ధి గడ్డి తిన్నదేమో అనుకున్నాను. అట్లా అనుకుంటే నాకు కొంచెం ఊపిరాడేది.

పై పోటీలకు వాడి వెంట మేనేజరుగా నన్నే పొమ్మని ఆర్డరు వచ్చింది. ఉద్యోగం కదా, పోయాను. రైల్లో వాడు "మేడం, తిన్నరా?" అని అడిగితే కిటికీ వైపు తిరిగాను. అక్కడ వాడు వెనకాముందూ కాకుండా ఎక్కడో మధ్యలో వచ్చాడు. తిరిగొచ్చాక కాలేజీలో సన్మానం పెట్టారు. ప్రిన్సిపాల్ నన్ను భుజం పట్టి వాడి పక్కకు తోశారు. ఇద్దరికీ కలిపి శాలువాలు కప్పారు. ఫొటోవాడు నవ్వమన్నాడు, నవ్వాను. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఆ నవ్వు వచ్చింది.

అమ్మాయి ఆ సన్మానానికి రాలేదు. పరీక్షలు రాసి పోయింది. నేను ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. బాధలో ఉంది, ఉండనీ అనుకున్నాను. ఈలోపు నాకు ఒక సంగతి తెలిసింది. స్పోర్ట్స్ కోటా లేకపోయినా, గ్రౌండులో పరీక్ష పెట్టి మామూలు సీట్లు కూడా ఇస్తారట. ఆమె పరుగుకు ఆ సీటు తప్పకుండా వస్తుందనిపించింది. బస్సెక్కి దుబ్బాక పోయాను.

ఇంట్లో వాళ్ళ బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. అమ్మాయి కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, తాను గుమ్మం దగ్గర నిలబడింది. పక్కన కొత్త బ్యాగు సర్ది ఉంది. వచ్చే వారమే చీరల దుకాణంలో చేరాలట. నేను సీటు సంగతంతా చెప్పాను. గ్రౌండు పరీక్షకు నేనే దగ్గరుండి తయారుచేస్తానన్నాను.

"చూస్త మేడం," అంది.

"చూసుడేంది? టైం లేదు. అసలు నా ఫోను ఎందుకు ఎత్తుతలేవు?"

ఆమె వాళ్ళ బాపు వైపు చూసింది. ఆయన నేయడం ఆపి మా మాటలు వింటున్నాడు.

"ఏం లేదు మేడం. జట్టు గెల్వదని మీకు ముందుగాల్నే ఎర్కనట గదా. అన్నను రాత్రి మీ ఇంటికి పిలిచి, నువ్వన్న గెలువు, నువ్వొక్కనివే పో అని మీరే చెప్పిన్రట. పోటీ రోజు పొద్దుగాల బెజ్జంకి ఆయనకు అన్న చెప్పిండట. ఆమెకు చెప్పకుండ్రి, భయపడ్తది అని గూడ మీరే అన్నరట. గందుకే ఆయన నాకు చెప్పలె. అయిపోయినంక చెప్పిండు."

అంటే కాళ్ళు బాగుండడం, ఆగబుద్ధి కాకపోవడం అంతా అబద్ధమే. నా ఇంట్లో తిని, నా చేతిలో చేయి వేసి, తెల్లారేసరికి ఆ అన్నాన్నే సాక్ష్యంగా పెట్టుకుని, నా పేరు చెప్పి రెండోవాడి నోరు మూయించాడు. ఒక్క క్షణం బుద్ధి తప్పిన పిల్లవాడని నేను ఇన్నాళ్ళు వాణ్ణి లోలోపల వెనకేసుకొచ్చాను.

"బిడ్డా, నేను గట్ల చెప్పలె. నిన్ను ఇడిసిపెట్టనని వానితోటి చేతిల చెయ్యేయించుకున్న. మీ బాపు ముందల చెప్తున్న," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"సరే మేడం," అంది.

"సరే అంటె ఏందే? నమ్ముతున్నవా లేదా?"

"మీరు పెద్దోళ్లు. చెప్పలేదంటె చెప్పలేదే."

నేను అక్కడే ఫోన్ తీసి వాడికి కలిపాను, అందరికీ వినబడేట్టు స్పీకర్ పెట్టాను. కొద్దిసేపు మోగింది. వాడు కట్ చేశాడు. మళ్ళీ కలిపాను. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి కలపబోతే ఆమె "ఇడిసిపెట్టుండ్రి మేడం, ఎందుకు లొల్లి," అని మెల్లగా అంది. తప్పు దొరికిపోయి అవస్థ పడుతున్నది నేనే అయినట్టు, నన్ను ఇంకా ఇబ్బంది పెట్టడం ఇష్టంలేనట్టుగా ఉంది ఆ గొంతు.

వాళ్ళ అమ్మ చాయ్ తెచ్చింది. ఎట్లా తాగానో నాకు తెలియదు. సీటు సంగతి మళ్ళీ ఎత్తాను. వాళ్ళ బాపు, ఆ ముచ్చట ఇగ వద్దుండ్రి మేడం అన్నాడు, కఠినంగా కాదు, మర్యాదగానే. ఆమె నా మాట మీద మళ్ళీ గ్రౌండుకు రాదని నాకూ అర్థమైంది. లేచాను.

బస్టాండు దాకా ఆమె నాతో వచ్చింది. బస్సు వచ్చి ఆగాక, నా సంచి అందించి, "మేడం, ఒక్కమాట," అంది.

"చెప్పు బిడ్డా."

"నాకు గూడ చెప్తె అయిపోతుండె. నేనే అన్నను పొమ్మందును. ఇంకో పిల్లనెవరినన్న జట్టుల తీసుకుంటె, గామెకు మాత్రం ముందుగాల్నే చెప్పుండ్రి."

కండక్టర్ ఎక్కమని అరుస్తున్నాడు. చెప్తనమ్మా అన్నాను. ఇంకేం అన్నా ఆమె నమ్మేది కాదు.